మొగలో మునిగిన ఇంజన్: ముందు క్రాంక్ చూడు, తర్వాతే పిస్టన్ కొను

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ముందు చెప్తాను, తప్పుంటే సరిదిద్దు. సోనాపూర్ దగ్గర బాహుదా మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, దాటి వేటకి వెళ్తుంటే కెరటం అడ్డంగా కొట్టి ఫైబర్ పడవ బోర్లాపడింది. మనుషులందరూ ఒడ్డుకి చేరారు, గంగమ్మ తల్లి దయ. ఇంజన్ 9.9 హెచ్‌పీ, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. మునిగినప్పుడు ఫుల్ రేస్‌లో ఉంది. సాయంత్రానికి బయటికి తీసి పాకలో పెట్టారు. రెండు రోజుల తర్వాత ప్లగ్గులు విప్పి డీజిల్ పోశారు. ఇప్పుడు తాడు లాగితే కదలడం లేదు. ఒక మెకానిక్ పిస్టన్లు, రింగులు వేస్తే చాలన్నాడు. ఇంకొకాయన పాత ఇనుముకి ఇచ్చేయమన్నాడు. ఎవరి మాట వినాలని అడుగుతున్నావు.

ఇప్పటికి ఇద్దరి మాటా వినకు. క్రాంక్, అంటే పిస్టన్ల కదలికని తిప్పుడుగా మార్చే ఇరుసు, బయటికి తీసి కళ్లతో చూడకుండా ఆ రెండు మాటల్లో ఏదీ చెప్పడానికి లేదు. నేను గోపాల్‌పూర్ ఒడ్డున ఇరవై ఏళ్లకి పైగా ఈ పనే చేస్తున్నాను. ఉప్పునీళ్లు తాగిన ఇంజన్ బతుకుతుందా లేదా అన్నది పిస్టన్ చెప్పదు, క్రాంకే చెప్తుంది. పిస్టన్ పైన ఉంటుంది కాబట్టి అందరికీ అదే కనిపిస్తుంది.

అన్నిటికంటే ముందు ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. మీరు డీజిల్ పోశారు, మంచి ఉద్దేశంతోనే పోశారు. కానీ డీజిల్‌లో ఉప్పు కరగదు. లోపల బేరింగుల మీద ఉన్న ఉప్పు పొర అలాగే ఉంది, దాని మీద డీజిల్ పొర ఒకటి చేరింది, అంతే. ఆ ఉప్పు ఇప్పటికీ ఇనుముని తింటూనే ఉంది. అందుకని ఇంజన్‌ని పడుకోబెట్టి, ప్లగ్గుల రంధ్రాలు కిందికి ఉండేలా తిప్పి డీజిల్ అంతా వార్చెయ్యి. కార్బురేటర్ విప్పి అటు వైపు నుంచి, ప్లగ్గుల వైపు నుంచి మంచినీళ్లు ధారగా పోయించు. గోరువెచ్చటి నీళ్లైతే ఇంకా మంచిది. నాలుగైదు బకెట్లు పట్టనీ. వార్చిన నీళ్లు నాలుక మీద వేసుకుంటే ఉప్పగా లేవని తేలాలి. ఆ తర్వాత ఆరబెట్టి, పల్చటి ఇంజన్ ఆయిల్ ధారాళంగా పొయ్యి. అప్పుడే విప్పడానికి కూర్చో.

తాడు మాత్రం ఇక లాగొద్దు. ఫ్లైవీల్ (ఇంజన్ పైన తిరిగే బరువు చక్రం) నట్టుకి రెంచ్ వేసి, దానికి పైపు తొడిగి ఇద్దరు మనుషులు లాగడం మన ఒడ్డున చాలామందికి అలవాటు. పట్టేసిన ఇంజన్ని అలా తిప్పితే బాగుపడే భాగం కూడా పోతుంది. మొగ దగ్గర మునిగింది కాబట్టి లోపల ఇసుక ఉండి తీరుతుంది. ఇసుక ఉన్న సిలిండర్‌లో పిస్టన్‌ని బలవంతంగా కదిపితే గోడలు గీసుకుపోతాయి.

ఒక చిన్న పరీక్ష మాత్రం చెయ్యి. గేర్ న్యూట్రల్‌లో ఉందో లేదో చూడు. కొన్ని ఇంజన్లలో గేర్‌లో ఉంటే స్టార్టర్ తాడు కదలకుండా తాళం పడుతుంది. న్యూట్రల్‌లోనూ కదలకపోతే పవర్‌హెడ్‌ని, అంటే పై ఇంజన్ భాగాన్ని, కింది కాలు నుంచి విడదీయి. విడదీశాక చేత్తో ఫ్లైవీల్ కదిలితే పట్టేసింది పైన కాదు, కింద గేర్ బాక్స్‌లో. అలా ఒకసారి నా దగ్గరికి చెడిపోయిందని తెచ్చిన ఇంజన్‌లో పైన ఏ లోపమూ లేదు. కింద గేర్ల మధ్య వల తాడు నలిగి ఇరుక్కుంది.

ఇప్పుడు అసలు విషయం. నీ ఇంజన్ ఆగి ఉన్నప్పుడు మునగలేదు, ఫుల్ రేస్‌లో తిరుగుతూ మునిగింది. ఈ తేడా చాలా పెద్దది. తిరిగే ఇంజన్ గాలి బదులు నీళ్లు పీల్చింది. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. పైకి వస్తున్న పిస్టన్‌కి నీళ్లు గోడలా అడ్డం పడ్డాయి. కింద నుంచి క్రాంక్ తోస్తోంది, పైన నీళ్లు కదలవు. మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఎంత వంగుతుంది? ఒక్కోసారి కంటికి కనిపించనంత. ఆ కనిపించని వంపే ప్రమాదం, ఎందుకంటే ఇంజన్ స్టార్ట్ అవుతుంది, బాగానే తిరుగుతుంది, కొన్ని రోజుల తర్వాత నడి నీళ్లలో విరుగుతుంది.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ తర్వాత నెలల తరబడి నా పాకంతా మునిగిన ఇంజన్లే. జనానికి వేట లేదు, చేతిలో డబ్బు లేదు, అందరూ తొందరపెట్టారు. ఒక ఇంజన్‌కి నేను కొత్త పిస్టన్లు, రింగులు వేసి, క్రాంక్‌ని కిరోసిన్‌తో కడిగి అలాగే బిగించాను. బేరింగ్ తిప్పితే కొద్దిగా గరగరమంది. ఆయిల్ పడితే సర్దుకుంటుందిలే అనుకున్నాను. రెండు వారాలు కాకముందే ఆ పడవ మొగ దాటుతుండగా ఇంజన్ ఒక్కసారిగా పట్టేసింది. అడ్డం తిరిగిన పడవలో నలుగురున్నారు. ఈదుకుంటూ వచ్చారు. ఒకాయన భుజం ఎముక విరిగింది. తప్పు నాదే. ఆ రోజు నుంచి గరగరమన్న క్రాంక్‌ని నేను మళ్లీ బిగించలేదు, ఎవరు ఎంత బతిమాలినా సరే.

ఇక విప్పేటప్పుడు నీకు వచ్చే మొదటి కష్టం బోల్టులు. అల్యూమినియం బ్లాకులో స్టీలు బోల్టు, మధ్యలో ఉప్పునీరు. తెల్లటి పొడి పట్టి బోల్టు అతుక్కుపోయి ఉంటుంది. బలం చూపిస్తే తల తెగి చేతికొస్తుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఒక రాత్రి వదిలెయ్యి. మర్నాడు బోల్టు తల మీద చిన్న సుత్తితో తేలిగ్గా నాలుగు దెబ్బలు వెయ్యి, చుట్టూ ఉన్న అల్యూమినియంని హీట్ గన్‌తో వేడి చెయ్యి, ముందు కొంచెం బిగించే వైపు తిప్పి, అప్పుడు వదులు వైపు తిప్పు. వేడి పెట్టే ముందు పెట్రోల్, స్ప్రే, డీజిల్ అన్నీ దూరంగా తీసెయ్యాలి. తెగిపోతే కంగారుపడకు, డ్రిల్ చేసి కొత్త మర చుట్ట వేయించుకోవచ్చు, బరంపురం లేత్ షాపుల్లో ఆ పని చేస్తారు. ఫ్లైవీల్‌కి మాత్రం సుత్తి తగలనివ్వకు, పుల్లర్‌తోనే తియ్యి.

హెడ్, అంటే సిలిండర్ల పై మూత, తీశాక పిస్టన్లు కనిపిస్తాయి. పట్టేసి ఉంటే అసిటోన్, ఏటీఎఫ్ ఆయిల్ (ఆటోమేటిక్ గేర్ల కార్లలో పోసేది) సమపాళ్లలో కలిపి పిస్టన్ల మీద పోసి రెండు మూడు రోజులు నాననివ్వు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, పాకలో పొయ్యి దగ్గర, బీడీ దగ్గర పెట్టకు. తర్వాత గట్టి చెక్క ముక్క పెట్టి మెల్లగా తట్టి కదుపు.

కదిలాక అన్నిటికంటే ముఖ్యమైన కొలత తియ్యాలి. ఇది ఇంటి దగ్గరే చేయొచ్చు. ఒక పిస్టన్‌ని పూర్తిగా పైకి తీసుకురా. సిలిండర్ పై అంచు నుంచి పిస్టన్ తల అంచు వరకూ ఎంత తేడా ఉందో వెర్నియర్ లోతు పుల్లతో కొలువు. నాలుగు వైపులా కొలిచి కాగితం మీద రాసుకో. రెండో పిస్టన్‌కీ అలాగే చెయ్యి. రెండు రాడ్‌లూ తిన్నగా ఉంటే కొలతలు కలవాలి. ఒక పిస్టన్ రెండో దానికంటే కిందే ఆగిపోతోందంటే ఆ రాడ్ వంగి పొట్టిదైనట్టు. పిస్టన్ బయటికి తీశాక దాని పక్కలు కూడా చూడు. ఒక పక్క పైభాగం, దానికి ఎదురు పక్క కింది భాగం మాత్రమే మెరిసేలా అరిగి ఉంటే పిస్టన్ వాలిగా నడుస్తోందని అర్థం. అదీ రాడ్ వంపు గుర్తే.

తర్వాత క్రాంక్‌కేస్, అంటే క్రాంక్ కూర్చునే పెట్టె, రెండు ముక్కలూ విడదీయి. మధ్యలో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తొద్దు, ఆ ముఖం మీద గీత పడితే గాలి కారుతుంది. ఆ రెండు ముక్కలూ ఫ్యాక్టరీలో జతగా కలిపి కోసినవి. వేరే ఇంజన్ ముక్క తెచ్చి దీనికి జత చేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకు. కొలత కుదరదు, బేరింగ్ నలుగుతుంది.

క్రాంక్ చేతికొచ్చాక పెట్రోల్‌తో శుభ్రంగా కడిగి ఆరబెట్టు. ఆయిల్ వెయ్యకుండా, పొడిగానే, చెవి దగ్గర పెట్టుకుని ఒక్కో బేరింగ్ మెల్లగా తిప్పు. ఆయిల్ ఉంటే లోపాలు వినిపించవు. మంచి బేరింగ్ పట్టులా జారుతుంది. ఉప్పు తిన్నది ఇసుక మీద కాలు ఈడ్చినట్టు వినిపిస్తుంది, ఒక్కోచోట వేలికి చిన్న తట్టు తగులుతుంది. రాడ్‌ని పైకి కిందికి నిలువుగా ఊపి చూడు, టక్కుమని ఏమాత్రం కదిలినా కింది బేరింగ్ అయిపోయినట్టే. పక్కకి కొద్దిగా ఊగడం మామూలే, ఎంత వరకూ ఫర్వాలేదో ఇంజన్ సర్వీస్ పుస్తకంలో ఉంటుంది. చివరగా లేత్ షాపులో వీ బ్లాకుల మీద పెట్టించి డయల్ గేజ్‌తో క్రాంక్ తిన్నగా తిరుగుతోందో లేదో చూపించు. అక్కడ లెక్క మిల్లీమీటర్‌లో వందో వంతుల్లో ఉంటుంది. కంటితో చూసి బాగానే ఉందన్నవాడి మాట చెల్లదు.

నీ నిర్ణయం ఇక్కడ తీసుకోవాలి. అప్పటిదాకా ఒక్క స్పేర్ కూడా కొనకు. క్రాంక్, రాడ్‌లు, బేరింగులు బాగుంటే ఈ ఇంజన్ ఖాయంగా బతుకుతుంది, మిగతా ఖర్చు నీ చేతిలోనే ఉంటుంది. రాడ్ వంగినా బేరింగ్ పోయినా రెండు దారులు. నీ ఇంజన్‌కి విడిగా రాడ్ కిట్ దొరికితే ప్రెస్ మీద విప్పి కొత్తది వేయించొచ్చు. ఆర్‌ఎక్స్ 100 బైకుల క్రాంకులు విప్పి సరిచేసిన పాత మెకానిక్‌లకి ఈ విద్య తెలుసు. కానీ బైకుది ఒక్క సిలిండర్ క్రాంక్, నీది రెండింటిది. మళ్లీ తిన్నగా కూర్చోబెట్టడం చాలా ఎక్కువ కష్టం. నన్నడిగితే మొత్తం క్రాంక్ కొత్తది కొనడమే మేలు. క్రాంక్, బోరింగ్ (సిలిండర్ లోపలి గోడని కొంచెం పెద్దదిగా కోయడం), పిస్టన్లు, సీళ్లు, గాస్కెట్లు, కింది భాగం సామాను అన్నీ లెక్కేసి చూడు. కొత్త ఇంజన్ ధరలో సగం దాటితే ఆపెయ్యి. దాన్ని స్పేర్ల కోసం ఉంచుకుని వేరేది చూసుకో. ఆ సగం లెక్క నా అనుభవంలోంచి వచ్చింది, ఏ పుస్తకంలోదీ కాదు.

క్రాంక్ నిలబడితే సిలిండర్ల పని. లోపలి గోడ పోత ఇనుము, తుప్పు మచ్చలు పడే ఉంటాయి. హోనింగ్‌కి, అంటే రాయితో సన్నగా రుద్దితే, పోయేవైతే సరే. గోరుకి తగిలే గుంత ఉంటే బోరింగ్ చేయించాల్సిందే. పై నుంచి కిందికి మూడు చోట్ల, అడ్డంగా నిలువుగా రెండు వైపులా కొలిపించు. ఓవర్‌సైజ్ పిస్టన్లు సాధారణంగా 0.25, 0.50 మిల్లీమీటర్లలో వస్తాయి. ముందు పిస్టన్ కొని చేతిలో పెట్టుకుని బోరింగ్ షాపుకి వెళ్లు, ఆ పిస్టన్‌ని కొలిచి దానికి తగ్గట్టు బోర్ వేయమను. ముందు బోర్ వేసేసి తర్వాత పిస్టన్ వెతుక్కుంటే ఇరుక్కుపోతావు. ఇంకో మాట బోరింగ్ ఆయనకి గట్టిగా చెప్పు: ఇది టూ స్ట్రోక్, గోడలో పోర్టులున్నాయి, బోర్ వేశాక వాటి అంచుల పదును తీయాలి. లేకపోతే కొత్త రింగు ఆ అంచుకి తగిలి విరుగుతుంది. కార్ల బ్లాకులే చేసేవాళ్లు ఇది మర్చిపోతుంటారు.

బోర్ అయిన బ్లాకుని సబ్బు, వేడినీళ్లు, బ్రష్‌తో కడుగు. తెల్లగుడ్డ పెట్టి తుడిస్తే తెల్లగా రావాలి. పెట్రోల్‌తో తుడిస్తే హోనింగ్ పొడి గోడలోంచి బయటికి రాదు. ఆరగానే ఆయిల్ రాసెయ్యి, మన గాలికి గంటలోనే తుప్పు రంగు వస్తుంది. రింగులు పెట్టేటప్పుడు పిస్టన్ గాడిలో చిన్న పిన్ను ఉంటుంది, రింగు నోరు ఆ పిన్ను దగ్గరే రావాలి. పిస్టన్ మీద ఉన్న గుర్తు ఎటు ఉండాలో పుస్తకంలో చూసి పెట్టు.

క్రాంక్ పైన, కింద ఉన్న ఆయిల్ సీళ్లు పాతవి వాడొద్దు, ఎంత బాగున్నట్టు కనిపించినా సరే. టూ స్ట్రోక్‌లో పెట్రోల్, ఆయిల్ మిశ్రమం క్రాంక్‌కేస్ గుండానే వెళ్తుంది. సీల్ దగ్గర గాలి దూరితే మిశ్రమం పల్చబడి, ఆయిల్ తగ్గి, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. హెడ్‌ని మందపాటి అద్దం మీద సన్నటి నీటి కాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం) వేసి రుద్ది చదును చేసి, కొత్త గాస్కెట్ వేసి, మధ్య బోల్టుల నుంచి బయటికి రెండు విడతల్లో టార్క్ రెంచ్‌తో బిగించు.

కరెంటు భాగం త్వరగా చెప్పేస్తాను. కాయిళ్లు మంచినీళ్లతో కడిగి నీడలో ఆరనిచ్చి, మల్టీమీటర్‌తో పుస్తకంలోని ఓమ్‌లకి సరిపోల్చు. పచ్చగా మారిన కనెక్టర్లు మార్చు. ఫ్లైవీల్ కింద ఉన్న చిన్న కీ కొద్దిగా నలిగినా టైమింగ్ తప్పుతుంది, అది కొత్తదే వెయ్యి. ట్యాంకులో పాత పెట్రోల్ చుక్క కూడా మిగల్చకు.

కింది కాలు గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే పైన అంతా కొత్తది వేసి కింద చూడకుండా బిగించేవాళ్లు ఎక్కువ. గేర్ ఆయిల్ వార్చి చూడు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. ప్రొపెల్లర్ తీసి దాని వెనక షాఫ్ట్ చూడు. మన దగ్గర నూటికి తొంభై సార్లు అక్కడ నైలాన్ దారం కనిపిస్తుంది. వల పోగు ఒకటి షాఫ్ట్‌కి చుట్టుకుని, వేడికి మెత్తబడి, గట్టిపడి, సన్నటి ఉంగరంలా తయారవుతుంది. ఆ ఉంగరమే సీల్‌ని కోసేస్తుంది. సీల్ మార్చి, కింది రంధ్రం నుంచి ఆయిల్ ఎక్కించి పై రంధ్రంలోంచి బుడగ లేకుండా వచ్చేదాకా నింపు. రెండు స్క్రూల వాషర్లూ కొత్తవి వెయ్యి.

నీళ్ల పంపు ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు లెక్కపెట్టు. ఒక రెక్క విరిగి కనిపించకపోతే కొత్తది వేసి ఊరుకోకు. విరిగిన ముక్క పైకి వెళ్లి నీటి దారిలో ఎక్కడో కూర్చుని ఉంటుంది, అది దొరికేదాకా వెతుకు, లేకపోతే కొత్త పిస్టన్లు మొదటి వేటలోనే కాలిపోతాయి. నీటి దారుల్లో ఉప్పు గడ్డకట్టి ఉంటే వెనిగర్ పోసి నానబెట్టి తర్వాత మంచినీళ్లతో బాగా కడిగెయ్యి. ఇంజన్ బదులు తాను కరిగిపోవడానికి పెట్టే జింకు ముక్క సగానికి పైగా కరిగిపోయి ఉంటే మార్చు, దాని మీద రంగు వెయ్యకు. రంగు వేస్తే అది పని చెయ్యదు, ఉప్పునీరు ఇంజన్ అల్యూమినియంనే తినడం మొదలుపెడుతుంది.

కిరోసిన్ సంగతి నువ్వు అడగలేదు, అయినా చెప్తాను. నీది కిరోసిన్‌కి తయారుచేసిన మోడల్ అయితే పెట్రోల్‌తో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కి మార్చి, ఒడ్డుకొచ్చే ముందు మళ్లీ పెట్రోల్‌కి మార్చి ఆపు. పెట్రోల్ మోడల్‌లో కిరోసిన్ పోస్తే ఇంజన్ లోపల కొట్టుకుంటుంది, కొత్త పిస్టన్ తల పాడవుతుంది. ఆయిల్ కూడా బైకు 2టీ వాడొద్దు. ఔట్‌బోర్డ్‌లకి, అంటే ఇలా పడవ వెనక బిగించే ఇంజన్లకి, టీసీ-డబ్ల్యూ3 అని డబ్బా మీద రాసి ఉన్నదే వాడు.

బిగించాక సముద్రానికి తీసుకెళ్లకు. పెద్ద డ్రమ్ములో మంచినీళ్లు నింపి అందులో స్టార్ట్ చెయ్యి. నీళ్లు లేకుండా ఒక్క నిమిషం తిప్పినా కొత్త ఇంపెల్లర్ కాలిపోతుంది. పక్కనుంచి నీళ్ల ధార రావాలి, రాకపోతే వెంటనే ఆపు. మొదటి పది గంటలు పెట్రోల్‌లో ఆయిల్ రెట్టింపు కలుపు. మామూలుగా లీటరుకి 20 మిల్లీలీటర్లు, అంటే 50:1 పోసే ఇంజన్‌కి ఆ పది గంటలూ 40 మిల్లీలీటర్లు. నీ పుస్తకంలో వేరే లెక్క ఉంటే అదే పాటించు. మొదటి గంట ఫుల్ రేస్ వద్దు. కంప్రెషన్ గేజ్ పెట్టి చూస్తే రెండు సిలిండర్లూ పది శాతం తేడాలోపు ఉండాలి. ఆ పది గంటలూ నదిలోనే, మొగ లోపలే తిప్పు. బయటికి వెళ్లే మొదటి రోజు పక్కన ఇంకో పడవ ఉండేలా చూసుకో.

ఇంకోసారి ఎవరి ఇంజన్ అయినా మునిగితే వాళ్లకి ఇది చెప్పు: తీసిన వెంటనే మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు తీసి, నీళ్లు వార్చాలి. చేత్తో తేలిగ్గా తిరిగి, ఇసుక లేదని తేలితే ఆయిల్ పోసి రెండు మూడు గంటల్లోపే స్టార్ట్ చెయ్యాలి. వెంటనే మెకానిక్ దొరక్కపోతే పాకలో ఆరబెట్టడం కంటే మంచినీళ్ల డ్రమ్ములో మొత్తం ముంచి ఉంచడం నయం. గాలి తగలడం మొదలైతేనే తుప్పు పరుగెత్తుతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం మొదలైతే మెకానిక్‌లందరి దగ్గరా ఇంజన్లు పేరుకుంటాయి, అంతకుముందే లేత్ పని చేయించుకో. క్రాంక్ విప్పాక రెండు పిస్టన్ల లోతు కొలతలు, ఏ బేరింగ్ గరగరమందో, బోర్‌లో మచ్చలు గోరుకి తగులుతున్నాయో లేదో రాసి పంపు. ఫొటోలు పగటి వెలుతురులో తియ్యి. అవి చూశాక ఏమేం కొనాలో, ఏది వద్దో ఒక్కొక్కటిగా చెప్తాను.